ఈ వారం వాతావరణం: పత్తి తీయాలా, ఆగాలా? (నల్లగొండ, పాలమూరు)

చెల్కరైతు_చండూరు
ఆదివారం సాయంత్రం 5:50

నాలుగెకరాల పత్తి తెల్లగా విచ్చుకుని నా కళ్ల ముందు ఉంది. దసరాకు ఊళ్లకు వెళ్లిన కూలీలు ఇప్పుడే తిరిగి వచ్చారు. మంగళవారం నుంచి వస్తామని మాట ఇచ్చారు. ఇంతలో మా అబ్బాయి ఫోనులో ఎర్రగా తిరుగుతున్న బొమ్మ ఒకటి చూపించి గురువారం తుపాను అంటున్నాడు. టీవీలో అల్పపీడనం అంటున్నారు. ‘అక్కడక్కడ తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు’ అట. అక్కడక్కడ అంటే ఎక్కడ? ఆ అక్కడక్కడలో చండూరు ఉందా లేదా?

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ ప్రతి వారం అంచనా రాసే వానకొలత గారు పోయిన వారం శుక్రవారం పొడిగా ఉంటుందని రాశారు. అది చదివి మా బావమరిది వడ్లు ఆరబోశాడు. సాయంత్రం నాలుగున్నరకు వాన మొదలైంది. కురిసింది ఇరవై నిమిషాలే, కానీ పట్టాలు లాగేలోపే సగం కుప్ప తడిసింది. ఆయనకు అంచనా చూపించింది నేనే. మూడు రోజులుగా మా ఇంట్లో ఇదే మాట. ఈసారి సూటిగా చెప్పండి. తీయించనా, ఆపనా?

కల్లం_మిర్యాలగూడ
ఆదివారం సాయంత్రం 6:20

ఆ శుక్రవారం వాన మాకు చుక్క కూడా పడలేదు. మా దగ్గర పొడి, మీ దగ్గర తడి. అంచనా మాకు నిజమైంది, మీకు తప్పింది. దీన్ని ఏ ఖాతాలో వేయాలి?

వానకొలత_దేవరకొండ
ఆదివారం రాత్రి 8:15

ముందు శుక్రవారం సంగతి. తప్పు నాదే. ‘పొడిగా ఉంటుంది’ అని రాసి చేతులు దులుపుకోకూడదు. నేలలో తేమ మిగిలి ఉండి మధ్యాహ్నం ఎండ గట్టిగా కాస్తే, మూడు నుంచి ఆరు గంటల మధ్య మబ్బు నిలువుగా పెరుగుతుంది. రెండు మూడు ఊళ్ల వెడల్పు, అరగంట ముప్పావుగంట ఆయుష్షు. అది ఏ ఊరి మీద నిలబడుతుందో ముందు రోజు ఏ కంప్యూటరూ చెప్పలేదు. ‘పదిలో రెండు పాళ్లు అవకాశం, వస్తే సాయంత్రమే’ అని నేను రాసి ఉంటే మీ బావమరిది గారు మూడింటికల్లా వడ్లు కుప్ప చేసుకునేవారు. ఆ రెండు పాళ్లు నేను మింగేశాను. ఆయనకు నా తరఫున క్షమాపణ చెప్పండి. ఇకనుంచి పాళ్లు రాయకుండా ఏ రోజూ రాయను.

‘అక్కడక్కడ’ సంగతి. వాతావరణ శాఖ వాళ్లు ఆ మాటలను కొలిచి వాడతారు. ఒక ప్రాంతంలోని వానకొలత కేంద్రాల్లో నాలుగో వంతులోపు వాటిలో వాన పడితే ‘ఒకటి రెండు చోట్ల’. సగం వరకు అయితే ‘కొన్ని చోట్ల’. ముప్పావు వంతు వరకు ‘చాలా చోట్ల’. అది కూడా దాటితే ‘దాదాపు అన్ని చోట్ల’. టీవీకి వచ్చేసరికి ఈ నాలుగూ కలిసిపోయి అక్కడక్కడ అయిపోతాయి. అందుకే మూల ప్రకటన చదవమని ఎప్పుడూ అంటాను.

ఇక ఈ వారం. అండమాన్ పక్కన ఆగ్నేయ బంగాళాఖాతంలో ఉపరితల ఆవర్తనం, అంటే పైన గాలి గుండ్రంగా తిరగడం, ఉంది. రేపటికి అది అల్పపీడనం అవుతుంది. పశ్చిమ వాయవ్యంగా కదిలి గురువారానికి తీరం దగ్గరకు వస్తుంది. ఎక్కడికి అన్నదే తేలలేదు. వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ నమూనాల్లో యూరప్ నమూనా దాన్ని నెల్లూరు, చెన్నై మధ్యకు తెస్తోంది. అమెరికా నమూనా పైకి వంచి మచిలీపట్నం వైపు తీసుకువెళుతోంది. మొదటిదైతే మనకు దాని అంచు మాత్రమే తగులుతుంది. అచ్చంపేట, దేవరకొండ, నాగర్‌కర్నూల్ వైపు 10 నుంచి 30 మిల్లీమీటర్లు, ఉత్తరానికి పోయేకొద్దీ తక్కువ. రెండోదైతే నల్లగొండ, సూర్యాపేటలకు రెండు రోజుల ముసురు, కొన్ని చోట్ల 60 దాటవచ్చు. నా లెక్కలో పదిలో ఏడు పాళ్లు నెల్లూరు వైపే. ఈ రోజుల్లో సముద్రం మీద పైగాలి తూర్పు నుంచి బలంగా ఉంది, అది వంపు తిరగడానికి కారణం కనిపించడం లేదు.

సోమ, మంగళ: పొడి. సాయంత్రం ఒంటరి జల్లుకు పదిలో ఒక పాలు. తెల్లవారుజామున మంచు బాగా పడుతుంది.
బుధ: పొద్దుటి నుంచే ఎత్తైన పలుచని మబ్బు, తూర్పు గాలి. మధ్యాహ్నం వరకు పని చేసుకోవచ్చు. రాత్రికి జల్లులు మొదలు కావడానికి పదిలో నాలుగు.
గురు, శుక్ర: వాన. దక్షిణాన పదిలో ఎనిమిది, చండూరు, మునుగోడు వైపు పదిలో ఆరు.
శనివారం తేరుకుంటుంది. ఆదివారానికి ఈశాన్య గాలి తిరిగి, రాత్రి చలి ఇరవై డిగ్రీల కిందికి దిగుతుందని నా నమ్మకం.

చండూరు అన్నా, మంగళవారం దాకా ఆగకండి. రేపే మొదలుపెట్టించండి. బుధవారం మధ్యాహ్నానికి ఎంత వస్తే అంత. మంచు ఆరకముందు మాత్రం చేయి పెట్టనివ్వకండి.

చెల్కరైతు_చండూరు
ఆదివారం రాత్రి 8:40

రేపు అంటే ఈ రాత్రే మేస్త్రీ దగ్గరకు వెళ్లాలి. వెళుతున్నాను.

పాలమూరు_యంత్రం
ఆదివారం రాత్రి 9:05

పాళ్లు చెప్పడం మంచిదే కానీ అది తప్పించుకునే దారి కూడా. పదిలో ఆరు అన్నప్పుడు వాన పడినా సరే, పడకపోయినా సరే, చెప్పినవాడు గెలిచినట్టే. రైతుకు కావలసింది అవును, కాదు. నా ఫోనులో మూడు యాప్‌లు ఉన్నాయి. మూడూ గురువారం మధ్యాహ్నం రెండింటికి జడ్చర్లలో వాన అంటున్నాయి. గంటతో సహా చెబుతున్నాయి.

వానకొలత_దేవరకొండ
ఆదివారం రాత్రి 9:30

మూడు యాప్‌లైనా చాలాసార్లు వెనుక ఉన్న నమూనా ఒక్కటే. ఒకే మనిషి మూడు కిటికీల్లోంచి మాట్లాడినట్టు. గంట చెప్పినంత మాత్రాన గంట తెలుసని కాదు. రేపు ఉదయం తెరిచి చూడండి, ఆ రెండు కాస్తా అయిదో పదకొండో అవుతుంది.

తప్పించుకోవడం అన్నారు, అది నిజం కాదని ఎలా చూపాలి? నేను ‘పదిలో ఆరు’ అన్న రోజులన్నీ పుస్తకంలో రాసి పెట్టుకుంటాను. అలాంటివి వంద రోజులుంటే అరవై రోజుల దగ్గర వాన పడి ఉండాలి. తొంభై పడినా, ముప్పై పడినా నేను తప్పు. ఇంకో రెండేళ్లు పోతే నా పుస్తకం చూసి మీరే తేల్చవచ్చు.

జిన్నింగ్_మాల్
ఆదివారం రాత్రి 9:50

తేమ గురించి నేను చెబుతాను, రోజూ చేతిలో మీటరు పట్టుకునే పని నాది. ఎనిమిది శాతం వరకు పూర్తి మద్దతు ధర. తొమ్మిది నుంచి ఒక్కో శాతానికి ఒక్కో శాతం కోత. పన్నెండు దాటితే ప్రభుత్వ కొనుగోలులో తీసుకోరు. పొద్దున ఏడింటికి తీసిన పత్తిని సాయంత్రం సంచి విప్పి పట్టుకుంటే లోపల వెచ్చగా, చెమటపట్టిన చెయ్యిలా ఉంటుంది. అదే చేనులో పదకొండింటికి తీసింది చేతిలో గలగలమంటుంది. రెండూ ఒకే సంచిలో తొక్కి తెస్తారు, మీటరు ముల్లు తడి ఉన్న చోటే దిగుతుంది. వేరువేరుగా కట్టండి, మీ కాళ్లు మొక్కి చెబుతున్నాను.

బత్తాయితోట_కనగల్
ఆదివారం రాత్రి 10:10

తోటలో కాయ రంగు తిరుగుతోంది. ఈ సమయంలో రెండు రోజులు నీళ్లు నిలిస్తే కాయ రాలిపోతుంది. పాదుల నుంచి నీళ్లు బయటకు పోయేలా రేపే కాలువలు తీయిస్తాను. వాన రాకపోతే పోయేది ఒక రోజు కూలి. వస్తే మిగిలేది తోట. నాకు పదిలో నాలుగైనా చాలు కదలడానికి. పాలమూరు_యంత్రం గారికి ఇదే నా జవాబు. అవును కాదు అన్నది అంచనా చెప్పేవాడి పని కాదు, పోయేదెంత, మిగిలేదెంత అని చూసుకుని మనం తేల్చుకోవాలి.

వేరుశనగ_అచ్చంపేట
సోమవారం ఉదయం 6:30

అందరూ వాన వద్దనేవాళ్లే. మేము దాని కోసం ఎదురుచూస్తున్నాం. యాసంగి వేరుశనగకు దుక్కి చేసి విత్తనం ఇంట్లో పెట్టుకున్నాం. 20 మిల్లీమీటర్లు పడితే ఒక తడి ఖర్చు మిగులుతుంది. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు అంటే నాలుగు వేల లీటర్లు. ఇరవై అంటే ఎనభై వేలు. బోరు ఆ నీళ్లు పొయ్యాలంటే ఎన్ని గంటలు, కరెంటు ఎన్నిసార్లు పోతుంది? వానకొలత సార్, నెల్లూరు వైపే అని గట్టిగా చెప్పండి, మా వాటా మాకు రానివ్వండి.

చెల్కరైతు_చండూరు
సోమవారం ఉదయం 9:15

పద్దెనిమిది మంది అనుకుంటే పదకొండు మంది వచ్చారు. మంచు ఇంకా ఆరలేదు. ఆకు అడుగున చెయ్యి పెడితే వేళ్లు తడుస్తున్నాయి. గట్టు మీద కూర్చున్నారు. కూర్చున్న గంటకు కూడా కూలి లెక్కే, కానీ జిన్నింగ్ అన్న మాట విన్నాను కాబట్టి ఆపాను.

మక్తల్_కృష్ణ
సోమవారం మధ్యాహ్నం 1:20

మా వైపు పేరే ఎత్తలేదు. నారాయణపేట, మక్తల్, గద్వాల వాళ్లం ఎప్పుడూ లెక్కలోకి రాము.

వానకొలత_దేవరకొండ
సోమవారం మధ్యాహ్నం 2:00

పొరపాటు. మీకు పదిలో మూడు. పడమటి కనుమల చాటున ఉన్నారు కాబట్టి నైరుతిలో మబ్బు మీదుగా పోతుంది, వాన అటే రాలిపోతుంది. ఇప్పుడు తూర్పు నుంచి వచ్చేది మీ దగ్గరకు చేరేసరికి అలసిపోతుంది. రెండు వైపులా మీరే చివర.

అల్పపీడనం ఏర్పడిందని ఉదయమే ప్రకటించారు. గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 50 నుంచి తీవ్ర వాయుగుండం, 62 నుంచి తుపాను. ఇది వాయుగుండం దగ్గర ఆగుతుందని నా అంచనా. చండూరు వాళ్ల అబ్బాయి చూసిన ఎర్ర బొమ్మ పది రోజుల ముందరిది అయి ఉంటుంది. అక్టోబర్, నవంబర్‌లలో అమెరికా నమూనా అంత ముందుగా బంగాళాఖాతంలో లేని తుపానులను చాలాసార్లు పుట్టిస్తుంది. అయిదు రోజులు దాటిన ఏ బొమ్మనూ నేను పంచుకోను, మీరూ పంచుకోకండి.

మక్తల్_కృష్ణ
సోమవారం మధ్యాహ్నం 2:25

చివర అన్నా పరవాలేదు, చెప్పారు కదా. కానీ మా వాన మా మీద పడకపోయినా నీళ్లు మా దగ్గరకే వస్తాయి. 2009 అక్టోబర్ మొదటి వారం మరిచిపోలేను. బంగాళాఖాతంలో పుట్టిన అల్పపీడనం వెళ్లి కర్ణాటక మీద కురిసింది. తుంగభద్ర పొంగి అలంపూర్ మునిగింది, కర్నూలు మునిగింది. అందుకే నేను మా ఊరి వాన కంటే రాయచూరు వాన ఎక్కువ చూస్తాను.

నల్లమల_మన్ననూర్
సోమవారం రాత్రి 7:45

‘అంచు మాత్రమే’ అన్న మాట నాకు నచ్చలేదు. 2025లో మోంథా తుపాను అక్టోబర్ 28 రాత్రి ఎక్కడో ఆంధ్ర తీరం దాటింది. తెల్లారి మా వాగులు చూడాలి. అచ్చంపేట, దేవరకొండ అంతా నీళ్లు. తీరం దాటిన చోటు దూరమని ధీమాగా ఉన్నవాళ్లమే రోడ్డు తెగి రెండు వైపులా నిలబడ్డాం. 2020లోనూ అంతే. అక్టోబర్ 13న తీవ్ర వాయుగుండం దాటింది కాకినాడ దగ్గర, మునిగింది హైదరాబాద్. ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లకు పైన పడింది. వాయుగుండమే కదా అని ఎవరూ అనుకోకూడదు.

వానకొలత_దేవరకొండ
సోమవారం రాత్రి 8:30

మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు సరి, నేను రాయవలసిన మాట మీరు రాశారు. గాలి పేరు వేరు, నీళ్ల లెక్క వేరు. తుపాను అనే పేరు గాలికి పెట్టేది. నీళ్లు ఎన్ని అన్నది అది ఎంత నెమ్మదిగా కదులుతుంది, భూమి మీదకు వచ్చాక ఎటు సాగుతుంది అన్న దాని మీద ఉంటుంది. 2020లోనూ 2025లోనూ తీరం దాటాక మన వైపే వచ్చాయి. ఇప్పటిది దాటాక రాయలసీమ మీదుగా పడమటకు పోతుందని రెండు నమూనాల్లో ఒకటి చెబుతోంది. అందుకే అంచు అన్నాను. మచిలీపట్నం వైపు తిరిగితే ఆ మాట వెనక్కి తీసుకుంటాను, అర్ధరాత్రి అయినా ఇక్కడ రాస్తాను.

రంగు హెచ్చరికలు మాత్రం హైదరాబాద్ వాతావరణ కేంద్రం ఇచ్చినవే పాటించండి. నేను ఇంటి డాబా మీద కొలత పెట్టుకున్న భౌతికశాస్త్రం మాస్టారిని. వాగు దాటాలా వద్దా అన్నది నా మాట మీద తేల్చుకోవద్దు.

టెంట్‌హౌస్_జడ్చర్ల
మంగళవారం ఉదయం 7:10

గురువారం నిశ్చితార్థం ఉంది. ఆరుబయట మూడు వందల మందికి షామియానా. పెళ్లివారు వాన రాదని జాతకం చూపించుకున్నారట. నేను ఎవరి మాట వినాలి?

బత్తాయితోట_కనగల్
మంగళవారం ఉదయం 7:25

జాతకం దంపతులకు చూస్తారు, షామియానాకు కాదు. రేకుల పందిరి వేయండి.

వానకొలత_దేవరకొండ
మంగళవారం ఉదయం 8:50

జడ్చర్లకు పదిలో అయిదు, అదీ సాయంత్రం తరువాతే ఎక్కువ. భోజనాలు మధ్యాహ్నం పెట్టించండి, వంట మాత్రం పైకప్పు కింద.

కందిచేను_కోస్గి
మంగళవారం ఉదయం 11:30

మా కంది ఇప్పుడే పూతకు వచ్చింది. మబ్బు పట్టి మూడు రోజులు ఎండ లేకపోతే పూత రాలుతుంది, పురుగు కూడా పెరుగుతుంది. వాన కంటే నాకు మబ్బే భయం. మబ్బు ఎన్ని రోజులు ఉంటుందో ఎవరూ రాయరు, వాన ఎంత అన్నదే రాస్తారు.

వానకొలత_దేవరకొండ
మంగళవారం మధ్యాహ్నం 12:15

అక్కా, ఇది మంచి మాట, ఇన్నేళ్లలో నాకే తట్టలేదు. కోస్గికి బుధ మధ్యాహ్నం నుంచి శుక్రవారం సాయంత్రం వరకు మబ్బు. శనివారం పదింటికల్లా ఎండ. ఇకనుంచి వారపు అంచనాలో ఎండ గంటలు కూడా రాస్తాను. మందు కొట్టాలంటే శనివారం తరువాతే. పంటకు సంబంధించిన సలహా మంగళ, శుక్రవారాల్లో వచ్చే వ్యవసాయ వాతావరణ బులెటిన్‌లో చూడండి, మేఘదూత్ యాప్‌లో తెలుగులోనే ఉంటుంది.

నల్లమల_మన్ననూర్
మంగళవారం రాత్రి 9:20

ఇప్పుడు బయటకు వచ్చి చూడండి. చంద్రుడి చుట్టూ గుడి కట్టింది, పెద్దది, నిండుగా. మా తాత అనేవాడు, గుడి దూరంగా కడితే వాన దగ్గర, దగ్గరగా కడితే వాన దూరం అని. ఇది దూరపు గుడి.

కల్లం_మిర్యాలగూడ
మంగళవారం రాత్రి 9:35

ఇక్కడా కనిపిస్తోంది. చిన్నప్పటి తరువాత ఇప్పుడే తల ఎత్తి చూశాను.

వానకొలత_దేవరకొండ
మంగళవారం రాత్రి 9:50

మీ తాతగారికి దండం. చెయ్యి పూర్తిగా చాపి, జానెడు విప్పి, బొటనవేలు చంద్రుడి మీద పెట్టండి. చిటికెనవేలు గుడి గీత దగ్గరకు వస్తుంది. ఆ గుడి ఎప్పుడూ అంత దూరంలోనే కడుతుంది, ఇరవై రెండు డిగ్రీలు. చాలా ఎత్తున, మంచు స్ఫటికాలతో నిండిన పలుచని తెర మబ్బులోంచి వెన్నెల వంగితే అది కనిపిస్తుంది. సముద్రం మీద పెద్ద మబ్బుల గుంపు ఉన్నప్పుడు దాని నెత్తి మీద నుంచి ఆ తెర వందల కిలోమీటర్లు ముందుగా పరుచుకుంటుంది. అంటే అల్పపీడనం తన జెండా ముందు పంపింది. చంద్రుడిని ఆనుకుని చిన్నగా, రంగులతో కట్టేది వేరు. అది నీటి బిందువుల మబ్బు వల్ల వస్తుంది, దాని వెనుక పెద్ద వాన ఉండాలని లేదు. తాతగారు రెండింటినీ విడదీసి చూశారు. పరికరం లేకుండా ఇంతకంటే మంచి అంచనా ఎవరూ చెప్పలేరు.

రాత్రి నమూనాలు వచ్చాయి. అమెరికాది కూడా కిందికి దిగింది. ఇప్పుడు రెండూ నెల్లూరు వైపే. పదిలో తొమ్మిది.

పాలమూరు_యంత్రం
మంగళవారం రాత్రి 10:15

నా యాప్‌లలో గురువారం రెండు గంటల వాన శుక్రవారం తెల్లవారుజాము నాలుగుకు జరిగింది. ఆదివారం మీరన్నది గుర్తుంది. ఒప్పుకుంటున్నాను.

చెల్కరైతు_చండూరు
బుధవారం మధ్యాహ్నం 3:10

రెండున్నర ఎకరాలు అయింది. తూర్పున ఆకాశం పాలు విరిగినట్టు ఉంది. ఎండ ఉంది, నీడ లేదు. కూలీలు ఇంకో గంట చేస్తామంటున్నారు. ఇద్దరు ఉరుము వినిపించిందన్నారు, నాకు వినిపించలేదు.

నల్లమల_మన్ననూర్
బుధవారం మధ్యాహ్నం 3:16

ఉరుము వినిపించిందంటే చేనులో ఉంచకండి. మెరుపు కనిపించాక ముప్పై లెక్కపెట్టేలోపే ఉరిమితే పిడుగు పది కిలోమీటర్లలోపే ఉన్నట్టు. చెట్టు కిందకు అసలు పంపకండి. దామిని యాప్ ఉంటే చూడండి, 20 నుంచి 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులు చూపిస్తుంది. మా పక్క తండాలో పశువులు కాసే పిల్లవాడు చింతచెట్టు కింద నిలబడి పోయాడు. పత్తి రేపైనా వస్తుంది.

చెల్కరైతు_చండూరు
బుధవారం మధ్యాహ్నం 3:40

ఆపించాను. అందరినీ ట్రాక్టరులో ఊళ్లోకి తెచ్చాను. తీసిన పత్తి బడి వెనుక గదిలో పోశాం. ఉదయం పత్తి ఒక మూల, మధ్యాహ్నం పత్తి ఒక మూల.

కల్లం_మిర్యాలగూడ
గురువారం ఉదయం 6:50

కోత మిషన్లన్నీ నిన్న రాత్రి పన్నెండు వరకు తిరిగాయి. మాది సన్నరకం, పచ్చి వడ్లే మిల్లుకు పోతాయి కాబట్టి ఆరబెట్టే బాధ లేదు. కానీ అందరం ఒకేసారి కోసేసరికి ట్రాక్టర్లు మిల్లు ముందు కిలోమీటరు వరుస. వాన భయంతో కోసిన వడ్లు వరుసలోనే తడుస్తాయేమో. అంచనా అందరికీ తెలిస్తే ఈ చిక్కు కూడా ఉంటుంది, ఎవరూ ఆలోచించరు.

బత్తాయితోట_కనగల్
గురువారం ఉదయం 7:30

అంచనా తప్పు కాదు అది. దించుకునే చోటు చాలకపోవడం తప్పు.

కల్లం_మిర్యాలగూడ
గురువారం ఉదయం 7:40

నిజమే. కానీ పట్టా పట్టుకుని ట్రాక్టరు మీద నిలబడ్డవాడికి రెండూ ఒకటే.

వేరుశనగ_అచ్చంపేట
గురువారం రాత్రి 8:30

మొదలైంది. ఉరుము లేదు, గాలి లేదు, నిదానంగా పడుతోంది. దుక్కిలో నుంచి మట్టి వాసన ఇంట్లోకి వస్తోంది. మా ఆవిడ విత్తనం మూట విప్పి గింజలు ఏరడం మొదలుపెట్టింది.

టెంట్‌హౌస్_జడ్చర్ల
గురువారం రాత్రి 9:00

మధ్యాహ్నమే భోజనాలు అయిపోయాయి. మూడున్నరకు షామియానా విప్పాం. ఆరింటికి చినుకులు. జాతకమూ నిజమే, మాస్టారి మాటా నిజమే.

వానకొలత_దేవరకొండ
శుక్రవారం ఉదయం 8:45

ఎనిమిదిన్నరకు కొలిచాను. దేవరకొండ మా డాబా మీద 22 మిల్లీమీటర్లు. ఒక రోజు వాన అంటే నిన్న ఉదయం ఎనిమిదిన్నర నుంచి నేటి ఎనిమిదిన్నర వరకు, దేశమంతా లెక్క ఇదే. భారీ వర్షం అనాలంటే 64.5 దాటాలి, కాబట్టి మనది మోస్తరే. వాయుగుండం తెల్లవారుజామున నెల్లూరు దక్షిణాన తీరం దాటి బలహీనపడింది. మిగతావాళ్లు మీ కొలతలు రాయండి. పరికరం లేకపోతే అడుగు నుంచి మూతి వరకు ఒకే వెడల్పు ఉన్న స్టీలు డబ్బా చాలు. నిలువుగా స్కేలు పెట్టి కొలవండి. డబ్బా పెద్దదైనా చిన్నదైనా లోతు మారదు. చెట్టుకు, గోడకు వాటి ఎత్తుకు రెండింతల దూరంలో పెట్టాలి, అంతే.

వేరుశనగ_అచ్చంపేట
శుక్రవారం ఉదయం 9:10

పప్పుల డబ్బాలో 27. రేపు కాక ఎల్లుండి విత్తుతాం.

నల్లమల_మన్ననూర్
శుక్రవారం ఉదయం 9:30

వాగు మోకాలి లోతు, దాటవచ్చు. ఈసారి అంచే. నేను భయపడ్డంత లేదు, అందుకు సంతోషమే.

మక్తల్_కృష్ణ
శుక్రవారం ఉదయం 10:00

డబ్బా అడుగు తడిసింది. కొలవడానికి ఏమీ లేదు. పదిలో మూడు అన్నారు, మిగతా ఏడు మావే.

కందిచేను_కోస్గి
శనివారం ఉదయం 11:00

పదింటికి ఎండ అన్నారు. తొమ్మిదీ నలభైకి వచ్చింది. పూత కొంత రాలింది, కొమ్మ కొమ్మకూ లెక్కపెడితే పావు వంతు ఉంటుంది. మిగతాది నిలిచింది.

జిన్నింగ్_మాల్
శనివారం మధ్యాహ్నం 4:30

ఈరోజు వచ్చిన బండ్లలో తడిసిన పత్తి ఎక్కువ. ఒక సంచిలో గింజ పగిలి తెల్లటి మొలక కనిపించింది. ఆయన మూడు రోజుల క్రితమే తీయవలసింది, కూలీలు దొరకలేదట. మీటరు పెట్టడానికి కూడా నాకు చెయ్యి రాలేదు. చండూరు అన్నా, మీది ఎప్పుడు తెస్తారు?

చెల్కరైతు_చండూరు
ఆదివారం ఉదయం 7:15

మధ్యాహ్నం తీసిన కుప్ప నిన్న తెలిసినవాళ్ల మీటరుతో చూశాం, తొమ్మిది వచ్చింది. పొద్దుటిది పదమూడు. దాన్ని పైకప్పు మీద పరిచాను, రెండు ఎండలు తగలాలి. చేనులో మిగిలిన ఎకరంన్నర తడిసింది. కొంత రంగు మారుతుంది, నష్టం ఉంది. నాలుగెకరాలూ తడవవలసింది ఎకరంన్నరతో ఆగింది.

రాత్రి దుప్పటి కప్పుకున్నాం. గాలి ఈశాన్యం తిరిగింది, గడప దాటగానే ముక్కుకు తెలిసింది. మా బావమరిది ఇక్కడ రాయడు కానీ చదువుతున్నాడు. క్షమాపణ చదివాడు. వడ్లు మళ్లీ ఆరబోయడానికి ఈ వారం పాళ్లు ఎన్నో అడగమన్నాడు.

ఇంకొకటి. గురువారం మా అమ్మ చక్కెర డబ్బా ఖాళీ చేసి వాకిట్లో పెట్టాను. వేపచెట్టుకు చాలా దూరంగానే. శుక్రవారం ఎనిమిదిన్నరకు అబ్బాయి స్కేలు పెట్టి చూశాడు. 14 మిల్లీమీటర్లు. ఆలస్యంగా చెబుతున్నాను, పనికివస్తుందా?

వానకొలత_దేవరకొండ
ఆదివారం ఉదయం 8:40

పనికివస్తుంది. పుస్తకంలో ఎక్కించాను. ఇన్నేళ్లలో చండూరు పేరుతో నా దగ్గర ఉన్న మొదటి అంకె అది. ఆ డబ్బా అక్కడే ఉంచండి, అమ్మగారికి ఇంకో డబ్బా కొనివ్వండి. వడ్లకు ఈ వారం శుక్రవారం వరకు పదిలో ఒకటి కూడా లేదు, పొద్దుటి మంచు తప్ప. మిగతా అంచనా రాత్రికి రాస్తాను, ఎండ గంటలతో సహా.